పాత ప్రోటోకాల్‌కి దిక్కెవరు?

"ఈసారి ఎవరి ప్రాణం తియ్యాలి మేడమ్?" అడిగాడు వేసా కొర్పేలా. ఫిన్లాండ్ గూఢచారి శాఖలో అతనికిదే ఆఖరి వేసవి. నడుం పట్టేయడంతో కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాడు.

"తియ్యడం కాదు, నిలబెట్టాలి," అంది చీఫ్ రైలి, కాఫీ పోస్తూ. "లొక్కి సంగతేగా నువ్వు చూస్తున్నది?"

లొక్కి ఒక చాట్ సాఫ్ట్‌వేర్. ఉచితం. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, రాసేవాళ్లంతా వాలంటీర్లే. వాళ్లలో కున్నాస్ అనే మారుపేరుతో వేసా కూడా ఉన్నాడు. కోడ్ రాయడం చేతకాక, మెనూల్లో అక్షరదోషాలు దిద్దుతూ నెట్టుకొస్తున్నాడు.

"సందేశాలు ఏ దారిన వెళ్లాలో చెప్పే పద్ధతులే ప్రోటోకాల్‌లు. కొత్త వెర్షన్‌లో వాటిలో ఏది ఉంచాలో, ఏది పీకెయ్యాలో ఈ శనివారం మీటింగ్‌లో తేలుస్తారు. పురో అనే పాతదాన్ని తీసేసి, వేలో అనే కొత్తదాన్ని పెట్టించాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. వేలోలో ఎవరు ఎవరితో మాట్లాడినా ఆ సమాచారం వాళ్ల సర్వర్‌కి చేరుతుంది."

"మన పిచ్చుక వాడేది పురోనే కదా?"

పిచ్చుక అన్నది మారుపేరు. సరిహద్దు అవతల ఓ ఆఫీసులో పనిచేస్తూ వీళ్లకి రహస్యాలు అందించే మనిషి. లొక్కి తప్ప ఆమెకి మరో దారి లేదు.

"అదే నా భయం. సెలవు నుంచి సోమవారం వస్తుంది. కంప్యూటర్ తెరవగానే అప్‌డేట్ దానంతటదే దిగుతుంది, ఆమెని వేలోలోకి మార్చేస్తుంది. ఆ సాయంత్రానికే పట్టేసుకుంటారు. ఈలోగా చెప్పే మార్గం లేదు."

వేసా కాఫీ తాగాడు. చల్లారిపోయింది.

"అక్కడ సాంద్రీన్ ఉంటుంది. జీతం ముఠాది, పని మనది. 'చేపలు పడుతున్నాయా?' అని అడుగు. 'దోమలే పడుతున్నాయి' అంటే ఆవిడే."

తాంపెరె ఊరి దగ్గర, సరస్సు ఒడ్డున కర్ర ఇంట్లో మీటింగ్. వెలిసిపోయిన టీషర్టుల మధ్య వెండిరంగు గౌనులో సాంద్రీన్ పెళ్లికొచ్చినట్టుంది. వేలో గొప్పతనం గురించి గంటసేపు దంచింది. మిగతావాళ్లు వింటూ సాసేజులు కాల్చుకుని తిన్నారు.

పడవల రేవు దగ్గర వేసా ఆమె పక్కకి చేరాడు. "చేపలు పడుతున్నాయా?"

"దోమలే పడుతున్నాయి," అంటూ ఆమె చెంప మీద నిజంగానే ఫట్‌మని కొట్టుకుంది.

"మీవాళ్ల ప్లాన్ ఏంటి? కోడ్‌లో ఏమైనా దూర్చారా?"

"అంత ఓపిక ఎవరికుందండీ! పురోని చూసుకునే కుర్రాడికి పెద్ద ఉద్యోగమిచ్చి పట్టుకుపోయారు. చూసే దిక్కులేని ప్రోటోకాల్‌ని ఇక్కడ ఉంచరు. అంతే ప్లాన్."

"తుపాకులూ అవీ?"

"బడ్జెట్ కోసేశారు."

వేసాకి ఎంత నీరసం వచ్చిందంటే, అక్కడే చెక్కల మీద కూలబడిపోయాడు. ఒకప్పుడు ఇతను కదిలే రైళ్లలోంచి దూకిన మనిషి.

ఆ జట్టులో ఏ నిర్ణయమైనా సౌనాలోనే, అంటే కాలిన రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి పట్టే గదిలోనే జరుగుతుంది. తువ్వాళ్లు చుట్టుకుని అందరూ బల్లల మీద సర్దుకున్నారు. వేసా కళ్లజోడులో కెమెరా ఉంది. ఆ వేడికి ఫ్రేము కాలి ముక్కు చుర్రుమనేసరికి, తిట్టుకుంటూ తీసి బయట పెట్టొచ్చాడు.

జట్టు పెద్ద తొర్స్టి రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోశాడు. "పురోని చూసేవాడు వెళ్లిపోయాడు. ఈ ఆవిరి ఆగేలోగా ఎవరూ మాట్లాడకపోతే, తీసేస్తున్నాం."

రాళ్లు సుయ్యిమన్నాయి. ఎవరూ మాట్లాడలేదు.

"నేనొప్పుకోను," అన్నాడు వేసా.

"ఏమయ్యా కున్నాస్, ఎందుకు?"

"దాన్నే నమ్ముకున్నవాళ్లు ఎవరో ఒకరుంటారు."

"ఉంటారులే. చూసేదెవరు? ఇక్కడ తీసెయ్యొద్దన్నవాడే పని నెత్తినేసుకోవాలి. ఉచిత సలహాలు మాకు రోజూ బోలెడొస్తాయి."

అభ్యంతరం చెబితే చాలనుకుని వచ్చాడు వేసా. ఇన్నేళ్లూ కామాలు దిద్దాడు తప్ప, ఈ కట్టుబాటు అతని చెవిన పడలేదు. సుయ్యిమనే శబ్దం సన్నబడుతోంది. రిటైరయ్యాక తిరగడానికి కొనుక్కున్న చిన్న పడవ గుర్తొచ్చింది. దానికి రంగు కూడా వేసుకున్నాడు. పిచ్చుక ముఖం అతనెన్నడూ చూడలేదు. ఇక తన వల్ల కాదనిపించింది, ఏడుపొచ్చింది. చెమటలో ఎవరికీ తెలియలేదు.

"నేను చూస్తాను," అన్నాడు, ఆవిరి పూర్తిగా ఆగకముందే.

"నువ్వా? నీకు కోడ్ రాదుగా!"

"నేర్చుకుంటాను."

"ఇది ఒక్క వారం ముచ్చట కాదు బాబూ."

"తెలుసు."

తొర్స్టి అతన్ని ఎగాదిగా చూసి మరో గరిటెడు పోశాడు. "సరే. పురో ఉంటుంది. వేలో వద్దు, ఉన్నవే మొయ్యలేక ఛస్తున్నాం." కింది బల్ల మీద సాంద్రీన్ అందరికీ వినబడేలా 'అయ్యో' అంది.

సోమవారం వేసా ఇంట్లో కోడింగ్ పుస్తకం మొదటి పేజీ దగ్గరే తన్నుకుంటున్నాడు. మధ్యాహ్నమైనా ఫోన్ రాలేదు. తిండి సయించలేదు. చివరికి రైలి చేసింది.

"పిచ్చుక మాట్లాడింది వేసా. పురోలోనే!"

వేసా కళ్లు మూసుకున్నాడు. "ఏమంది మేడమ్?"

రైలి గొంతు సవరించుకుంది. "ఉన్నదున్నట్టు చదువుతున్నా. 'కొత్త వెర్షన్‌లో అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. దీన్ని చూసుకునే వెధవ ఎవడండీ?'"

వేసా చాలాసేపు నవ్వాడు. తర్వాత కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు.

"చూస్తున్నాడని చెప్పండి మేడమ్. కాస్త టైమిమ్మనండి."