సంచిలో మిగిలిన చోటు

“కొండ మీద కాలు జారితే నోట్లో ఇన్ని నీళ్లు పోసేదానికి కూడా ఎవురూ ఉండరు గదరా,” అన్నాను.

మా ఆదినారాయణ ఇంకా గడప దాటలేదు. అసలు ప్రయాణమే మర్నాడు. అయినా నా నోరు ఊరుకోదు. చెడును ముందే పైకి అనేస్తే అది జరగదని మా అమ్మ చెప్పేది. నా కొడుకు ఇంతవాడయ్యేదాకా ఏ ఆపదా రాలేదంటే అది నా నోటి చలవేనని నా నమ్మకం.

ఆంధ్రప్రదేశ్ అని కొత్త పేరు వచ్చిన మరుసటి ఏడు అది. వాడు ప్రొద్దుటూరులో లెక్కల అయ్యవారు. దసరా సెలవుల్లో తోటి అయ్యవార్లిద్దరితో జమ్మలమడుగులో బస్సు దిగి, గండికోట మీదుగా ముద్దనూరు, అక్కణ్ణుంచి కొండదారిన పులివెందుల దాకా నడిచిపోతానన్నాడు. నాలుగు రోజుల నడక. దాన్ని హైకింగ్ అంటారట. బస్సులు లేని రోజుల్లో మా తాత దాన్నే కర్మ అనేవాడు.

వీపుకు తగిలించుకునే మిలిటరీ సంచి ఒకటి కొనుక్కొచ్చాడు. సర్దింది నేను. పాము కరిస్తే వేరు ముక్కలు, జ్వరానికి కషాయం పొడి, చలికి రెండు దుప్పట్లు, వానకు కంబళి, ఆకలికి సజ్జరొట్టెలు, ఊరగాయ జాడీ, ఇత్తడి చెంబు, లాంతరు, కిరసనాయిలు సీసా, కుక్కలు వెంటపడితే విసరడానికి పచ్చడి బండ.

వాడు అది తగిలించుకుని లేవబోయి వెల్లకిలా పడ్డాడు. కాళ్లు చేతులు గాలిలో ఆడిస్తుంటే గడపలో నవ్వు వినిపించింది.

మా ఆయన చెల్లెలు గురవమ్మ కూతురు, ఈశ్వరమ్మ. కడపలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ సెలవులకు పులివెందుల పోతోంది. చీరల అంగట్లో పనుందని ఇటు వచ్చానంది. కడప నుంచి పులివెందులకు మా ప్రొద్దుటూరు దారి కాదు. ఆ పిల్లకు ఏటా ఈ చుట్టుదారే దగ్గరవుతోంది.

“ఏంది బావా, అంగడే మోస్తాండావా?”

“నవ్వింది సాలు, లేపు.”

“ఇంగా కొంచేపు ఆడించు కాళ్లు. బాగుండాది.”

లేపింది. లేపి, సంచిని చాప మీద బోర్లించింది. నా ప్రాణమే కింద పోసినట్టయింది. ఒక్కోటి చేతిలోకి తీసుకుని ఇది దేనికత్తా అని అడిగింది. నేను పాము, జ్వరం, కుక్కలు అని చెప్పుకుంటూ పోయాను. నవ్వుతుందనుకున్నాను గానీ నవ్వలేదు.

“మా నాయన బండికి బరువెత్తేది చూసినావు గదా అత్తా. అంతా ఎనక ఏస్తే కాడి పైకి లేసి ఎద్దుల గొంతు పట్టుకుంటాది. అంతా ముందరేస్తే మెడలు ఇరుగుతాయి. బరువు ఇరుసు మీదికి రావాల. మనిషికి ఇరుసు ఈడ,” అని వాడి వీపు మధ్యన వేలితో పొడిచింది.

వేలు తీసేసినా వాడు చాలాసేపు అట్లాగే నిలబడి ఉన్నాడు.

దుప్పటి ఒక్కటే ఉంచి, రాత్రికి గాని అక్కర్లేదని అడుగున పరిచింది. రొట్టెల మూటలాంటి బరువులు వీపుకు ఆనేటట్టు నడుమ నిలిపింది. లాంతరు, కిరసనాయిలు, వేరు ముక్కలు, ఊరగాయ జాడీ పక్కన పెట్టి, ఊరగాయ మాత్రం చిన్న డబ్బాలోకి కాస్త తీసింది. చెంబు ఖాళీగా పోతే గాలిని మోసినట్టేనని దాన్లో ఉప్పు, అగ్గిపెట్టె, కషాయం పొట్లం కూరింది. వాన పడితే వెతుక్కోకుండా కంబళిని అన్నిటికీ పైన పెట్టింది. పచ్చడి బండను మాత్రం బావ చేతికిచ్చి, పోయి వంటింట్లో పెట్టి రమ్మంది.

చివరికి వీపు పక్కన జానెడు చోటు మిగిలింది.

“ఇది నీ చోటత్తా. ఒక్కదానికే. ఏ భయం పెడ్తావో తెల్లారేలోపల నువ్వే చూసుకో.”

ఇన్ని భయాల్లో ఒక్కదాన్ని ఎట్లా ఏరేది?

సాయంత్రం దీపం పెడుతుంటే పంచలో మాటలు వినపడ్డాయి. తలుపు చాటున ఆగాను. పులివెందుల చేరినాక నిన్నొకటి అడగాలంటున్నాడు మావాడు. ఇక్కడ నోరు లేదా అని ఆమె ఎగతాళి చేసింది. తర్వాత గొంతు తగ్గించింది.

“అడుగు. కానీ అత్త మాట ల్యాకుండా నేను జవాబు చెప్పను బావా. పోయినేడు మన పెళ్లి మాటొస్తే ఆమె నోరే మెదపల్యా. నేనంటే ఇష్టం ల్యాదేమో.”

ఇష్టం లేకనా? అడిగి కాదనిపించుకుంటే అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు తెగిపోతాయని నోరు మూసుకున్నాను. ఊరికే అన్నిటికీ వాగే నేను వాగాల్సిన చోట వాగలేదు.

పొద్దున ఈశ్వరమ్మ పులివెందుల బస్సుకు పోయినాక పాము వేరు చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టాను. పాము కంటే పెద్ద భయం ఏదో అప్పటికి తేలిపోయింది. ఈ పిల్ల ఇంకో ఇంటికి పోతే ఎట్లా అని. పెట్టె తెరిచి, వంగపండు రంగు కొత్త నేత చీర తీసి, పసుపు కుంకుమ పొట్లాలు మడతలో పెట్టి, గుడ్డలో చుట్టి ఆ చోట్లో దోపాను. అది విప్పవద్దని, ఈశ్వరమ్మ చేతే తీయించమని వాడికి చెప్పాను.

వాడు చేరాల్సిన రోజు నేను ఇంట్లో ఉండలేక పులివెందులలో గురవమ్మ ఇంటికి బస్సెక్కాను. దారంతా వానే. పొద్దుగూకినా వాడు రాలేదు. వాగులు, పిడుగులు, చిరుతపులులు అన్నీ ఏకరువు పెట్టాను.

“బువ్వ తిను వదినా,” అంది గురవమ్మ. “నీ నోటికి జడిసి ఆ పులులు ఎప్పుడో కొండ దిగిపోయుంటాయి.”

ఈశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. వాన తగ్గిందేమో చూస్తానని మాటిమాటికీ వాకిట్లోకి పోయేది.

మర్నాడు మధ్యాహ్నం, తోటి అయ్యవార్లను బస్సెక్కించి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. వాగులో నీళ్లు తగ్గేదాకా ఆగామన్నాడు. మనిషి మాత్రం సంచి లేనట్టే నిటారుగా నడుస్తున్నాడు.

“పడల్యా మా,” అన్నాడు నాతో. సంచి దించి ఆమె ముందర పెట్టాడు. “నువ్వు సర్దింది నువ్వే చూసుకో. అమ్మ పెట్టింది నేను ముట్టుకోల్యా.”

పైన కంబళి తడిసి ముద్దయింది. దాని కిందివన్నీ పొడిగా ఉన్నాయి. ఆమె వీపు పక్కన చెయ్యి పెట్టి గుడ్డమూట తీసి విప్పింది. చీర చూసి అక్కడే కూర్చుండిపోయింది. గురవమ్మ నా మొహం చూసింది.

“పోయినేడు మాట్లాడంది ఇష్టం ల్యాక కాదమ్మీ,” అన్నాను. “మీరు కాదంటారేమోనని.”

ఆమె చీర ఒళ్లో పెట్టుకుని అంచు నిమురుతోంది. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. రంగు నచ్చలేదేమో, ఇంకెవరికో మాటిచ్చారేమో, ఆలస్యం చేశానేమో. నోటిదాకా వచ్చినవన్నీ ఆ ఒక్కసారికి మింగేశాను.

“నేను అడగాల్సింది అమ్మే అడిగేసింది,” అని గొణిగాడు వాడు. “నాకేం మిగిల్చినారు?”

అయినా ఆమె తలెత్తలేదు. వాడి కాలి బురద ఎండి గచ్చు మీద రాలుతోంది. గురవమ్మ ఏదో అనబోతే చెయ్యి పట్టి ఆపాను.

అప్పుడు ఈశ్వరమ్మ పసుపు పొట్లం విప్పి, చిటికెడు తీసి ఆ కొత్త చీర కొంగుకు అద్దింది.

“ఇంగో సంచి కొను బావా,” అంది. “గండికోట నేను చూడల్యా.”