దించిన తెరచాప

"నేను మా అమ్మను చూడాలి, మావా."

ఆ మాట అని నాగులమ్మ వాకిట్లో నిలబడిపోయింది. కబురు తెచ్చిన పేరమ్మ పక్కనే ఉంది, చేపలబుట్ట ఇంకా నెత్తినే ఉంది. సూళ్లూరుపేట సంతలో రెండు ఒడ్లవాళ్ళతోనూ బేరం చేసేది పేరమ్మ ఒక్కతే. నత్తలతిప్ప సంగతులు కొత్తకుప్పానికి తెలియాలంటే ఆమె నోటివెంట రావాల్సిందే. తిప్పలో నాగులమ్మ తల్లి మంచం పట్టిందట. గంజి కూడా దిగడం లేదట. కళ్ళు తెరిచినప్పుడల్లా నాగులు వచ్చిందా అని అడుగుతోందట...

మొగుడు కామాక్షయ్య తల ఎత్తలేదు. ఇంటి ముందే ఒడ్డు, ఒడ్డు మీద పందెం పడవ. దాని ముక్కుకు పసుపు రాస్తున్నాడు. పసిబిడ్డకు నూనె రాసినట్టు, అరచేత్తో, నింపాదిగా.

"రేపు పందెం," అన్నాడు.

"పందెం ఏటేటా వస్తది. అమ్మ వస్తదా?"

"పడవకు పూజ అయిపోయింది. పందేనికి తప్ప ఇంక నీళ్ళల్లో దిగదు. ఊళ్ళో ఏ పడవా దిగదు. నీకు తెలీదా?"

"తెలుసు. నడిచిపోయే దారుంటే నిన్ను అడుగుతానా?"

పేరమ్మ ఊరుకోలేకపోయింది. "ఏందయ్యా కామాక్షయ్యా, ఆ చెక్కకు చేసే సేవలో సగం పెళ్ళానికి చేసుంటే, అది నిన్ను నెత్తిన పెట్టుకుని తిరిగుండేది గదా."

"నీ బుట్ట నువ్వు మొయ్యక్కా. మా సంసారం మేం మోసుకుంటాం."

ఆ సంసారాన్ని ఎవరు మోస్తున్నారో పేరమ్మకు తెలుసు. మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

కొత్తకుప్పానికి, తిప్పకు నడుమ ఉన్నది పులికాట్ నీళ్ళే. సరస్సు నిండుగా ఉండే మాఘమాసంలో తెరచాప పడవల పందెం జరుగుతుంది. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు కనుక, గెలిచినవాళ్ళకు సమితి ప్రెసిడెంటు కప్పు ఇస్తున్నాడు. కప్పు రాకముందు కూడా మగవాళ్ళకు ఆ పిచ్చి ఉంది. ఆ పిచ్చే నాగులమ్మ పెళ్ళి చేసింది. ఆమె అన్న చిన్నపోలయ్య తిప్ప పడవకు చుక్కాని పట్టేవాడు. గాలిని కామాక్షయ్య పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరని, మా చెల్లెలు వాడికేనని పట్టుబట్టి ఇచ్చాడు. ఆ పిచ్చే ఆమె పుట్టింటి దారి కూడా మూసేసింది. పెళ్ళయిన మరుసటేడు కామాక్షయ్య తన పడవను గాలివైపు నుంచి అడ్డంగా తెచ్చాడు. బావమరిది చాపకు గాలి అందలేదు. పడవలు రాసుకున్నాయి. తిప్ప పడవ తిరగబడింది. దాన్ని కుప్పంవాళ్ళు తెలివి అన్నారు, తిప్పవాళ్ళు దొంగతనం అన్నారు. ఒకరి ఒడ్డు ఒకరు తొక్కమని రెండు ఊళ్ళూ ఒట్టు పెట్టుకున్నాయి.

పందెంలో నడినీళ్ళల్లో చాప దించడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడం. దించినవాణ్ణి ఏడాదంతా ఆడపిల్లలు కూడా వెక్కిరిస్తారు. ఆనాడు పడవ తిరగబడి, పీకలదాకా నీళ్ళల్లో ఉండి కూడా, చిన్నపోలయ్య చాపకొయ్యను వాటేసుకుని చాప తాడు ముట్టనివ్వలేదు. అదీ అతని పౌరుషం.

మగవాళ్ళ పౌరుషాలు మగవాళ్ళవి. మధ్యలో ఆడదాని గతి ఏమిటి? తెల్లవారి నీళ్ళు చల్లడానికి వాకిట్లోకి వస్తే ఎదురుగా తిప్ప తాటిచెట్లు. పొద్దుగూకి దీపం పెడితే ఎదురుగా తిప్పలో పొగ. అందులో ఏ పొగ అమ్మ పొయ్యిదో... ఈ వేళకు చేపలపులుసు కాచి ఉంటుందా, ఒక్కదానికీ ఏమిటిలే అని గంజితో సరిపెట్టుకుని ఉంటుందా... దూరదేశంలో ఇచ్చి ఉంటే మనసును ఎట్లాగో సమాధానపెట్టుకునేది. కళ్ళముందే పెట్టి కాళ్ళు కట్టేస్తే ఏం చేస్తుంది? ఏడ్చినా నీళ్ళకెళ్ళే వేళే ఏడ్చేది. ఇంట్లో ఏడిస్తే పందేనికి అపశకునమని మొగుడు కసురుకునేవాడు.

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఆయన తిన్నాడు, పందెంలో బలం కావాలని.

మరునాడు కుప్పం ఆడవాళ్ళంతా ఒడ్డున చేరారు. పడవలు దక్షిణాన ఇసుకదిబ్బ దగ్గర బయలుదేరి, రెండు ఒడ్లకూ నడుమగా సాగి, ఉత్తరాన జెండా కట్టిన గుంజను దాటాలి.

"మొక్కుకుంటున్నావా?" అంది పక్కింటి ఆదిశేషమ్మ. "అన్నకా, మొగుడికా?"

"గాలికి."

"అదీ మేలే. గాలికి ఒట్లు లేవు."

పడవలు కనబడ్డాయి. ముందు కామాక్షయ్యది. వెనకనే, దాదాపు ఆనుకున్నట్టు, చిన్నపోలయ్యది. కుప్పానికి ఎదురుగా వచ్చేసరికి తిప్ప పడవ ముందుకు దూకుతుందనే అనిపించింది. అప్పుడు దాని చాప కదిలింది. కొయ్య మీదుగా మెల్లగా జారి, కిందికి వచ్చేసింది.

ఒడ్డంతా గోల. డప్పు మోగింది. "చాప దించేసినాడే," అంటూ ఆదిశేషమ్మ ఎగిరింది. "చిన్నపోలయ్య ఒప్పుకున్నాడే." మగపిల్లలు ఈలలు వేశారు. నాగులమ్మ ఒక్కతే కదల్లేదు. గెలిచే గాలి చేతిలో ఉండగా మా అన్న చాప దించుతాడా? తల తెగినా దించడు. పందెం కోసం దించడు... అంటే ఇది పందెం మాట కాదు. ఒడ్డుకు రావడానికి ఒట్టు అడ్డం. నోటితో చెప్పడానికి దూరం అడ్డం. చెల్లెలికి కబురు చెప్పడానికి అతనికి మిగిలింది ఆ చాప ఒక్కటే. అందరూ చూస్తుండగా పౌరుషాన్ని దించి చెబుతున్నాడు.

"అమ్మ పోయింది," అంది నాగులమ్మ. డప్పు చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

కామాక్షయ్య గెలిచి వచ్చాడు. మెడలో దండ. నాగులమ్మ మోకాలిలోతు నీళ్ళలోకి నడిచి వెళ్ళి ఎదురు నిలిచింది.

"మా అన్న నీతో ఏమన్నాడు?"

అతని మొహం మారింది. "దిబ్బ దగ్గర అన్నాడు... తెల్లారి అమ్మ పోయింది, నాగులుకు చెప్పమని. నన్ను కలతపెట్టేదానికి పందెం ఎత్తు వేసినాడనుకున్నా."

"చాప దించినప్పుడు?"

కామాక్షయ్య మెడలో దండ పట్టుకుని నీళ్ళలోకి చూశాడు.

"అప్పుడన్నా తెలిసింది గదా మావా. తెలిసి గూడా గుంజ దాటిందాకా పోయినావు."

ఆమె పడవ అంచు పట్టుకుని ఎక్కబోయింది. "దిగు," అని అరిచింది ఆదిశేషమ్మ. "ఆడది ఎక్కితే పందెం పడవ మైలపడుద్దే."

"మైల నాకు తెల్లారే పట్టిందక్కా. ఇంకేం పట్టాలి?"

ఎవరూ అడ్డం రాలేదు. పడవలో వాళ్ళు ఒక్కొక్కరే దిగిపోయారు. కామాక్షయ్య దండ తీసి నీళ్ళలో వేశాడు, చుక్కాని పట్టాడు, పడవను తిప్ప వైపు మళ్ళించాడు.

నాగులమ్మ ఆ పడవ ఎక్కడం అదే మొదలు. చాప గాలి పట్టుకోగానే కుప్పం వెనక్కి జారిపోయింది. తాటిచెట్లు చూస్తుండగానే పెద్దవయ్యాయి. అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు. ఇంత దగ్గరా... ఇన్నేళ్ళు తను చూసి చూసి కుమిలిపోయిన దూరం ఇంతేనా!

తల్లిని వాకిట్లో పడుకోబెట్టారు. చిన్నపోలయ్య తడిబట్టలతోనే లేచి వచ్చాడు.

"నువ్వొస్తావని ఎత్తలేదు నాగులూ. చాప చూసినావా?"

"చూసినానన్నా. ఓడిపోయినావని అందరూ ఈలలేసినారు."

"వెయ్యనీ." అతను తల్లి వైపు తిరిగాడు. "రాత్రి మంచం వాకిట్లో వేయించుకుంది. మీ కుప్పం వైపు తిరిగి పడుకుంది. అటు దీపం కనబడితే అది నీదేనంది..."

నాగులమ్మ తల్లి కాళ్ళమీద పడింది. ఆ ఏడుపుకు అడ్డం చెప్పేవాళ్ళు అక్కడ లేరు.

పొద్దువాలుతుండగా పాడె ఎత్తే వేళయింది. మూడు మూలల్లో మనుషులు నిలబడ్డారు. నాలుగో మూల అల్లుడిది. కామాక్షయ్య పడవ పక్కన నీళ్ళలోనే ఉన్నాడు. రమ్మన్నవాళ్ళు లేరు కనుక ఒడ్డు తొక్కలేదు. తిప్పలో పెద్దలు చిన్నపోలయ్యను చూశారు. అతను చెల్లెల్ని చూశాడు.

"నేను దించాల్సింది దించేసినా. ఇది నీ ఇష్టం. పట్టమందునా?"

నాగులమ్మ నీళ్ళవైపు చూసింది. పందెంలో ఎన్నడూ వంగని తల వంగి ఉంది. ఆమెకు జాలి కలగలేదు. కలిగినట్టు నటించనూ లేదు.

"పట్టనీ అన్నా," అంది. "బరువెంతో తెలియనీ."

కామాక్షయ్య నీళ్ళలోంచి వచ్చి భుజం పెట్టాడు.