పొద్దున పెట్టిన కూర

పొద్దున ఆరింటికి అక్క, రోజంతా సన్న సెగన ఉడికించే కరెంటు స్లో కుక్కర్‌లో మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు వేసి, నీళ్లు పోసి, స్విచ్ వేసింది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. తమ్ముడు మాంసం కొట్టులో పనిచేస్తాడు. ఏడింటిలోపు ఇద్దరూ వెళ్లిపోతారు. సాయంత్రానికి కూర ఉడికి ఉంటుంది. ఎవరు ముందొస్తే వాళ్లు వడ్డించుకుని తమ గదిలోకి పోతారు. పగలంతా ఇంట్లో ఉండేది టైలరు పని మానేసిన నాన్న ఒక్కడే.

నెల రోజులు ఇలాగే నడిచింది. ఈ సోమవారం నుంచి కూర సగమే ఉడుకుతోంది. ఇద్దరూ దాన్ని పొయ్యి మీదికెక్కించి, ఉప్పు గురించి వాదులాడుకుని, అక్కడే నిలబడి తింటున్నారు.

గురువారం పదకొండింటికి వంతెన మీద అక్కకి కడుపులో మెలిపెట్టింది. బ్రేకు తొక్కి, కిటికీలోంచి వాంతి చేసుకుంది. వెనక వస్తున్న కారు బస్సును గుద్దింది. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దని డిపోలో చెప్పారు.

ఐదింటికి తమ్ముడు వంటింట్లోకి రాగానే ఆమె అతని చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టింది.

“అమ్ముడుపోని సరుకు ఇంటికి తెస్తావట్రా?”

“వదులక్కా! ఏ రోజు మాంసం ఆ రోజు కోసిందే తెచ్చాను.”

“కోసిందో, దానంతటదే చచ్చిందో! నా బస్సులో నలభై మంది ఉన్నారు, తెలుసా?”

“నా మాంసాన్ని అంటే ఊరుకోను. నీ కుక్కర్ డబ్బాలో ఏం ఉడుకుతుంది? వారం ఉంచినా పచ్చిదే.”

ఆమె గరిటె విసిరింది. అది అతని కనుబొమ మీద తగిలింది. అతను కుక్కర్ లోపలి పింగాణీ కుండను రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. కుండ పగిలింది. కూరలో కాలు జారి పడ్డాడు. పెంకు అరచేతిలో దిగింది.

ఆ చేత్తోనే బ్యాగులో బట్టలు కుక్కాడు. చొక్కాలకి రక్తం అంటింది.

“నువ్వే ఉండు ఈ ఇంట్లో. నేను పోతున్నా.”

“పో. మళ్లీ ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా.”

నాన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. తమ్ముడు ఆయన్ని తోశాడు. ఆయన తల అలమారకి తగిలింది. కింద కూలబడి అన్నాడు.

“నేనేరా ఆపింది.”

“ఏంటి?”

“స్విచ్. సోమవారం కాలు తగిలి ప్లగ్గు ఊడింది. చూసుకోలేదు. ఆ రోజు మీరిద్దరూ గంటసేపు పొయ్యి దగ్గరున్నారు. కొట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. అందుకని మంగళవారం నుంచి నేనే ఆపి, నాలుగింటికి మళ్లీ వేశాను.”

“చల్లారితే పాడవుతుందని తెలీదా నాన్నా?” అంది అక్క.

“మళ్లీ ఉడికించుకుంటున్నారు కదా, ఏం కాదనుకున్నా. ఈ నెలంతా నాతో మీరు మాట్లాడింది ‘గిన్నె కడిగెయ్ నాన్నా’ అన్నదొక్కటే.”

నాన్న గోడ పట్టుకుని లేవబోయాడు. “రేపు డిపోకి నేనొస్తానమ్మా. తప్పు నాదని రాసిస్తాను.”

తమ్ముడు బ్యాగు వదిలేశాడు. బాగున్న చేత్తో ఆయన తల వెనక తడిమాడు. రక్తం లేదు, బొప్పి కట్టింది. “నిన్ను తోశాను నాన్నా,” అని పక్కనే కూలబడి ఏడ్చాడు.

అక్క తువ్వాలు చించి అతని అరచేతికి కట్టింది.

“మెల్లగా కట్టవే, చెయ్యి ఊడుతుంది.”

“ఊడనీ. ఇంకోటుందిగా,” అంది. అతని కనుబొమ మీది వాపు చూసి, మిగిలిన తువ్వాలు ముక్క తడిపి దాని మీద అద్దింది.

పెంకులు ఎత్తి, నేల తుడిచి, ఆమె గుడ్లు తీసి పొయ్యి వెలిగించబోయింది.

“ఆగవే,” అన్నాడు తమ్ముడు. “ఇంతకీ ఎన్నింటికి తిందాం నాన్నా?”

“మీకెప్పుడు వీలైతే అప్పుడు.”

“అలా కుదరదు. టైం చెప్పు.”

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె తలూపింది.

“ఏడున్నర,” అన్నాడు నాన్న. “రోజూ.”