బూత్‌లో బుస

సౌండ్ టెక్నీషియన్ కాఫీ ఒక గుక్క తాగి, చాలలేదని ఇంకో చెంచా చక్కెర కలుపుకుంటూనే చచ్చిపోయాడు. కప్పులో కాఫీ ఇంకా సుడి తిరుగుతూనే ఉంది, మనిషి మాత్రం టేబుల్ మీదికి ఒరిగిపోయాడు.

"విషం," అన్నాడు చీఫ్, ఫోటోను ముందుకు తోస్తూ. "శాంతి చర్చలు జరిగే హాల్లో సౌండ్ చూసేది ఇతనే. ఇవాళ రెండు దేశాలూ సంతకాలు పెట్టాలి. పెట్టలేదా, యుద్ధమే. ఓ విదేశీ ముఠాకి కావలసింది కూడా అదే. ఇద్దరికీ ఆయుధాలు అమ్ముకునేది వాళ్ళేగా!"

ఎదురుగా కూర్చున్న ఏజెంటుకి డిపార్ట్‌మెంట్‌లో పేరు చెవులపిల్లి. పక్క గదిలో గుండుసూది పడ్డా వింటాడని ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తా కూడా మర్చిపోయి ఉంటాడు.

"కొత్త టెక్నీషియన్‌గా నువ్వు వెళ్తున్నావ్. ముఠాలో రహస్యంగా చేరిన మన మనిషి, కోడ్ నేమ్ ముత్యం, అక్కడ ప్రోటోకాల్ ఆఫీసర్‌గా ఉంటుంది. ఇంకో సంగతి. బూత్‌లో దుబాసీగా కూర్చునేది మీ అక్క."

చెవులపిల్లి ఫోటో పక్కకి నెట్టాడు. "సార్, మా అక్క దృష్టిలో నేను ఫ్రిజ్ మెకానిక్‌ని."

"అలాగే ఉండనీ," అన్నాడు చీఫ్.

హాలు గుమ్మంలోనే ఎదురైంది ముత్యం. తెల్ల సూటు, మెడలో ఒంటిపేట ముత్యాలు, చూసినవాడు తన పేరు తాను మర్చిపోయేంత అందం. "ఈ హాల్లో గాలి ఆడటం లేదు," అంది.

"కిటికీ ఊరికే పెట్టారండీ. తెరుచుకోదు."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "ముఠా వాళ్ళు బాంబు పెట్టారు, పైకప్పులో ఉంది. లైట్లు బిగించిన ఆ ఇనప వంతెన మీద వెతకండి. త్వరగా."

"బూత్ ఒకసారి చూసి వెళ్తాను. టెక్నీషియన్ని కదా, చూడకపోతే అనుమానం వస్తుంది."

ఆమె ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. చెవులపిల్లి చూశాడు గానీ కంగారేమోలే అనుకున్నాడు. అందం ముందు మన హీరో బుర్ర కాస్త నెమ్మదిగా నడుస్తుంది, ఏం చేస్తాం!

బూత్ అంటే హాలు వెనక గోడకి ఎత్తున అతికించిన అద్దాల గది. ఒక కుర్చీ, ఒక మైకు, చెవిలో పెట్టుకునే చిన్న హెడ్‌ఫోన్స్, వాటికో నల్ల డబ్బా. ఆ డబ్బాయే హెడ్‌ఫోన్ యాంప్. అక్క తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఈ డబ్బా పొద్దుట్నుంచీ పాములా బుస కొడుతోంది. ఇలాగైతే వాళ్ళు చెప్పేదేంటో, నేను చెప్పేదేంటో..." అప్పుడు చూసింది. "ఆ మీసం నీకు నప్పలేదురా."

"అక్కా! నీ పుణ్యముంటుంది, ఇక్కడ నన్ను ఎరగనట్టు ఉండు."

"ఫ్రిజ్‌లు బాగుచేసేవాడివి, ఇక్కడేం పని నీకు?"

"సాయంత్రం అంతా చెప్తా."

"నిజమే చెప్పు. అబద్ధమాడితే ఏమవుతుందో గుర్తుందిగా?" అంటూ తన చెవి పట్టుకుని మెలితిప్పి చూపించింది. చిన్నప్పుడు వాడు ఎన్ని అబద్ధాలాడాడో, ఆ చెవి అన్నిసార్లూ ఎర్రబడింది.

అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. స్స్స్... నిజమే. గెయిన్ స్విచ్ హైలో ఉంది. వచ్చిన శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే స్విచ్ అది. ఇంత సున్నితమైన హెడ్‌ఫోన్స్‌కి హై అనవసరం, మాటతో పాటు వెనకున్న రొద కూడా పెరుగుతుంది. తక్కువకి మార్చాడు.

రొద తగ్గలేదు.

వాల్యూమ్ సున్నాకి తిప్పాడు. తగ్గలేదు. హాల్ నుంచి వచ్చే వైరు పీకేశాడు. ఊహూ! స్స్స్ అంటూ అదే బుస. గెయిన్‌కి లొంగని రొద యాంప్ పెంచే రొద కాదు. దాని తర్వాతెక్కడో, హెడ్‌ఫోన్స్‌కి పోయే దారిలో పుడుతోంది. ఈ డబ్బాలో ఉండకూడనిది ఏదో ఉంది. వైరు, వాల్యూమ్ మళ్ళీ ఎప్పట్లా పెట్టి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"సీల్ తీయకండి!" గుమ్మంలో ముత్యం. "రెండు దేశాలవాళ్ళూ ముద్రలు వేశారు. అది పగిలితే చర్చలు ఇక్కడితో ఆగిపోతాయి. ముందు బాంబు సంగతి చూడండి!"

బూత్ మీద, చర్చలు మొదలని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. అక్క అతన్ని బయటికి నెట్టి, లోపల గడియ వేసుకుంది.

లైట్ల వంతెన మీద చెమటలు కక్కుతూ వెతికాడు. దుమ్ము ఉంది, సాలెగూళ్ళున్నాయి, బాంబు జాడ లేదు. కింద ప్రతినిధి మాట్లాడుతున్నాడు, అక్క గొంతు హాలంతటికీ అవతలి భాషలో వినిపిస్తోంది. ఎదురుగా, అదే ఎత్తున, అద్దాల గదిలో అక్క. ప్రతినిధి నీళ్ళ గ్లాసు అందుకుని ఆగాడు. అప్పుడు అక్క ఇటు చూసి, నవ్వి, బొటనవేలు ఎత్తింది. చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది.

బుస ఆగిపోయింది, అంటోంది.

చెవులపిల్లి వెతకడం ఆపేశాడు. తను ఏమీ బాగుచెయ్యలేదు! మరి ఎందుకు ఆగింది? పాత రేడియోలో స్టేషన్ దొరకనంతసేపే బుస. స్టేషన్ తగలగానే నిశ్శబ్దం, ఆ వెంటనే మాట. ఆ డబ్బాలో ఉన్నది రిసీవర్. ఇప్పుడెవరో స్టేషన్ ఆన్ చేశారు!

కిందికి చూశాడు. గోడ పక్కన ముత్యం పౌడర్ డబ్బా తెరిచి పట్టుకుంది. అద్దంలోకి చూడటం లేదు, బూత్‌కేసి చూస్తోంది. బొటనవేలు డబ్బా అంచుని నొక్కుతోంది.

బాంబు అబద్ధం. ముత్యం అబద్ధం. అక్క చెవిలో ఏ మాట పడితే అది ఆవిడ నోట్లోంచి రెండు దేశాల మధ్యకి వెళ్తుంది. యుద్ధం వస్తుంది. దేశద్రోహి అన్న ముద్ర అక్క మీద పడుతుంది. అక్క! అరిస్తే గార్డులు ముందు కాల్చి తర్వాత పేరు అడుగుతారు. బూత్‌కి పరిగెత్తేంత టైము లేదు.

అక్క ముఖం పాలిపోయింది. ఏదో విన్నది. మైకు దగ్గరికి వంగింది, నోరు తెరిచింది.

చెవులపిల్లి వంతెన అంచుకి వంగి, తన రెండు చెవులూ పట్టుకుని ఊడొచ్చేలా మెలితిప్పాడు.

అక్క చూసింది. అబద్ధం, అంటున్నాడు తమ్ముడు. హెడ్‌ఫోన్స్ లాగి బల్ల మీద పడేసింది. ఆమె గొంతు హాల్లో మామూలుగా, మర్యాదగా వినిపించింది. అనుమానం వస్తే ఊహించి చెప్పకుండా, ప్రతి దుబాసీ అనే మాటే అది.

"క్షమించాలి. వక్త మాట సరిగ్గా వినపడలేదు. దయచేసి మళ్ళీ చెప్పగలరా?"

ప్రతినిధి నీళ్ళ గ్లాసు దించాడు. "నేనింకా ఏమీ అనలేదమ్మా!"

హాలు గొల్లున నవ్వింది. రెండు వైపులా కలిసి నవ్వడం ఆ వారంలో అదే మొదలు. ఆ నవ్వుల్లోనే తలుపు వైపు జారుకోబోయిన ముత్యాన్ని చెవులపిల్లి వంతెన మీంచి వేలెత్తి చూపించాడు. ఆమె చేతిని, నీళ్ళ జగ్గు మోస్తున్న ముసలి బేరర్ ఒడిసిపట్టుకున్నాడు. బేరర్ గడ్డం కొంచెం ఊడింది. చీఫ్‌కి మారువేషాలు ఎప్పుడూ కుదరవు.

పౌడర్ డబ్బాలో దొరికింది, అచ్చం ప్రతినిధి గొంతుతో తయారుచేసిన ఒకే ఒక్క వాక్యం: "ఈ సంతకం నాటకం, మా సైన్యం ఇప్పటికే సరిహద్దు దాటింది." బూత్‌లోని యాంప్ తీసేసి రిసీవర్ ఉన్నది పెట్టారు. తన డబ్బాని తాను గుర్తుపడతాడనే టెక్నీషియన్ని చంపారు.

"ఈ హాల్లో గాలి ఆడటం లేదు," అంది ముత్యం, బేడీలు చూస్తూ.

"వెళ్ళేచోట కిటికీయే ఉండదు లెండి," అన్నాడు చెవులపిల్లి.

సంతకాలయ్యాయి. అక్క వచ్చి బూత్ మెట్ల మీద కూర్చుంది. "చెప్పేసేదాన్నిరా. పెదాల దాకా వచ్చింది," అంటూ ఏడ్చేసింది. అతను పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాడు. భయమేసిందక్కా అన్నాడు. అది అబద్ధం కాదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "సరే గానీ, ఇప్పుడు నిజం చెప్పు. ఏం ఉద్యోగం నీది?"

"ఫ్రిజ్‌లేనక్కా. ఇది... పార్ట్ టైమ్."

అక్క చెయ్యి అతని చెవిని చేరింది. గెయిన్ ఈసారి హైలోనే ఉంది.