పోన్ బండికి పెద్ద టర్బో

ప్రైవేటు డిటెక్టివ్ ఖజోన్ ఆఫీసు మెట్లెక్కేసరికి ఫికున్‌కి ఆయాసం వచ్చింది. ఆవిడ థాయ్‌లాండ్‌లోని సుఫాన్‌బురీ సంతలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఒక్కగానొక్క కొడుకు పోన్, డీజిల్ పికప్‌ల పందెంలో బండితో సహా కాలవలో పడి చనిపోయాడు.

"మా వాణ్ణి చంపింది మెకానిక్ దేచా. ఇంజనుకి గాలి కుక్కే టర్బోలో ఏదో లోహపుముక్క కనిపించిందట. వాడే వేశాడు. పోలీసులు లోపలేశారు గానీ రుజువు చాలదంటున్నారు. ఎవరు చేశారో మీరు తేల్చాలయ్యా."

సహాయకురాలు నిపా ఆమెకి మంచినీళ్ళు ఇచ్చింది.

"వాళ్ళిద్దరికీ పగ ఉందా అమ్మా?" అన్నాడు ఖజోన్.

"పెద్ద టర్బో బిగించమని మా వాడు, ఈ ఇంజనుకి అంత గాలి కుక్కితే చస్తావురా అని దేచా. నలుగురిలో కొట్టుకోబోయారు."

"పోన్ జాగ్రత్తపరుడేనా?"

"జాగ్రత్త ఎక్కడిది? గుడిలో మంత్రించిన బిళ్ళ మెడలో వేస్తే, ఉక్కగా ఉందని తీసి నా చేతిలోనే పెట్టేవాడు."

ఆ ఊరి కుర్రాళ్ళకి పికప్ నల్లపొగ కక్కకపోతే మీసం రానట్టే లెక్క. చెప్పినా వినరు. దేచా కూడా చెప్పి చెప్పి విసిగి బిగించినవాడే. ఖజోన్ వెళ్ళేసరికి లాకప్పులో తల వంచుకుని కూర్చున్నాడు.

"గాలి వడగట్టే పాత ఫిల్టర్ డబ్బా కొత్త టర్బోకి పట్టలేదు సార్. పందెం ఒక్కటీ అయ్యాక వేరేది పెడదాం, టర్బో మూతి అలాగే తెరిచి వదిలెయ్యమన్నాడు పోన్. బండి వాళ్ళ వాకిట్లో అప్పగించి వచ్చేశా. అక్కణ్ణుంచి నేరుగా పందేనికే పోయాడు."

పోలీసుల ముందే ఖజోన్ టర్బో విప్పించాడు. గాలి పీల్చే చక్రం రెక్కలు చిట్లిపోయి ఉన్నాయి. వాటి మధ్య పసుపుపచ్చని తునక ఇరుక్కుంది. ఇరుసుకి మసిబట్టిన నూలుపోగు చుట్టుకుంది.

"ఇనుము కాదు సార్, ఇత్తడి," అంది నిపా. గురువుగారి ముఖం చూసి ఆమె ఉత్సాహం చల్లారిపోయింది. ఈ కేసు ఆయనకి అంతుబట్టకుండా ఉంటే బాగుండునని మొదటిసారి అనుకుంది.

మర్నాడు ఖజోన్ దేచా గారేజీలో అందరినీ కూర్చోబెట్టాడు. దేచాని ఇన్‌స్పెక్టర్ తీసుకొచ్చాడు.

"అమ్మా, పోన్ వద్దన్న బిళ్ళ ఇప్పుడెక్కడుంది?"

"వాకిట్లో ఉండగా బండికి కట్టాను," అంది ఫికున్. "ఆ కొత్త యంత్రమంటేనే నాకు భయం. దానికే కాపుదల ఉండాలని, దాని నోటి దగ్గరే దారంతో కట్టాను. వాడికి చెప్పలేదు, చెబితే పీకేస్తాడు."

ఖజోన్ నెమ్మదిగా చెప్పాడు. పందెంలో టర్బో గాలిని లాగిన ఊపుకి దారం తెగింది. ఆ ఇత్తడి బిళ్ళ లోపలికిపోయి రెక్కల్ని విరగ్గొట్టింది. ఇరుసు దగ్గరి ఆయిల్ ఇంజన్లోకి కారింది. డీజిల్ ఇంజను ఆ ఆయిలే తాగి తనంతట తాను రెచ్చిపోతుంది. కాలు తీసినా, తాళం తిప్పినా ఆగదు. ఎదురుగా కాలవ.

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాడు దేచా ఏడుస్తూ. "మూతికి కనీసం జల్లెడైనా వెయ్యాల్సింది."

ఫికున్ అతని వైపు చూడలేదు.

"నాకు చెప్పకుండా ఉండలేకపోయారా అయ్యా?"

"ఇతను జైలుకి పోయేవాడమ్మా."

"పోనివ్వాల్సింది," అంది ఆమె.

ఆమె మీద కోపం తెచ్చుకోవడం అక్కడ ఎవరి వల్లా కాలేదు, దేచా వల్ల కూడా.