చిటికెన వేలికో నొక్కు

తిరుగుతున్న కుండ మీద స్కేలు పెట్టే మనిషి ఈ భూప్రపంచంలో ఉంటాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నాడు. పైగా ఆమె క్లాసులోనే ఉన్నాడు.

సాయంత్రం క్లాసులో అదే అతని మొదటి రోజు. చక్రం మీద ఆమె చేతుల మధ్య మట్టి మెల్లగా పైకి లేస్తోంది. అంచు సన్నబడే వేళకి ఆమె కళ్లు మూసుకుంది. అది ఆమె అలవాటు. సరిగ్గా అప్పుడే ఓ చెక్క స్కేలు వచ్చి అంచుకి తగిలింది. కుండ ఒక్కసారి వణికి, పక్కకి వాలి, చతికిలబడింది.

కళ్లు తెరిస్తే ఎదురుగా ఓ పొడుగాటి మనిషి. చేతిలో స్కేలు, ముఖం నిండా మట్టి చుక్కలు.

"మీకేమైనా పిచ్చా?"

"సారీ అండీ. మందం ఎంతుందో చూద్దామని..."

"చూసి ఏం చేస్తారు?"

"గుర్తుపెట్టుకుంటాను. రేపు నేను చేసేదానికీ అంతే రావాలి కదండీ."

క్లాసంతా పకపకా నవ్వింది. ఆమెకి ఒళ్లు మండింది. స్కేలు లాక్కుని, "ఇది ఇక నా దగ్గరే ఉంటుంది," అంది.

ఆ రోజునుంచి అతనికి 'స్కేలు' అనే పేరు ఖాయమైపోయింది. అతను ఫర్నిచర్ కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. కుర్చీ కాళ్లు ఎంత పొడవుండాలి, బీరువా తలుపు ఎంత వెడల్పుండాలి, ఇదీ ఆయనగారి లోకం. ఆమెదేమో మేనత్త ఇంటి వెనక రేకుల షెడ్డు. పగలంతా అక్కడ కప్పులూ గిన్నెలూ చేసేది, సాయంత్రం క్లాసు చెప్పేది. చేసినవాటిని అత్త వీధివైపు గదిలో పెట్టి అమ్మేది. మేనకోడలు మాట్లాడాల్సిన మాటలు కూడా అత్తే మాట్లాడేసేది.

"ఎంత మట్టి తీసుకోవాలి టీచర్ గారూ?"

"సరిపోయినంత."

"సరిపోయిందని ఎలా తెలుస్తుంది?"

"చెయ్యి చెబుతుంది."

"నా చెయ్యి మూగదండీ."

"మీరు మాట్లాడనిస్తే కదా!"

అతను బుద్ధిగా తలూపాడు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. ఆమెది మళ్లీ అదే కోపం. ఆ కోపం కోసమే అడుగుతున్నాడేమోనని అత్తకి మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. ఆమెకి మాత్రం రాలేదు. మట్టి సంగతి తప్ప మిగతావన్నీ ఆమెకి ఆలస్యంగానే తెలిసేవి.

ఆ ఏడాది వానలు ఊపిరాడనివ్వలేదు. రేకుల మీద మోతకి పక్కవాళ్ల మాట కూడా వినబడేది కాదు. చేసినవేవీ ఆరేవి కావు. క్లాసుకి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. రోజూ తడిసి ముద్దై వచ్చేది స్కేలు ఒక్కడే. క్లాసయ్యాక "వాన తగ్గాక వెళ్తానండీ," అనేవాడు. వాన తగ్గాక కూడా అదే మాట అనేవాడు.

అలాంటి ఓ సాయంత్రం అతని గిన్నె మళ్లీ మళ్లీ కూలిపోతుంటే ఆమెకే జాలేసింది.

"కళ్లు మూసుకోండి."

"మూసుకుంటే ఏం కనబడుతుందండీ?"

"కనబడకూడదనే. మూసుకోండి ముందు."

మూసుకున్నాడు. ఆమె అతని చేతుల మీద తన చేతులు వేసింది. అతనిది ఎడమచేతి వాటం, ముందు కదిలేదీ గట్టిగా పట్టేదీ ఆ చెయ్యే. దాని చిటికెన వేలు చివర కాస్త బయటికి వంగి ఉంది.

"ఇదేంటి, ఇలా ఉంది?"

"చిన్నప్పుడు తలుపు సందులో పెట్టానండీ. ఎంత సందుందో కొలుద్దామని."

"అప్పటినుంచీ ఉందా ఈ జబ్బు!"

ఆమె అంత గట్టిగా నవ్వడం ఆ షెడ్డు ఎప్పుడూ వినలేదు. ఆ నవ్వులో గిన్నె ఓ పక్కకి ఒరిగింది, కానీ కూలిపోలేదు.

"వంకరగా వచ్చింది," అన్నాడు కళ్లు తెరిచి.

"బాగుంది. ఇది మీరు చేశారు. ఇదివరకటివన్నీ మీ బుర్రలోని స్కేలు చేసినవి."

అతను గిన్నె చూడలేదు, ఆమెనే చూశాడు. ఆమె చటుక్కున లేచి, కడిగిన బకెట్‌నే మళ్లీ కడిగింది.

వానలు వెనకబట్టే వేళకి అతనికి ప్రమోషన్ వచ్చింది. దూరపు ఊరు. ఆ సంగతి చెప్పి, షెడ్డు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటారు టీచర్ గారూ? వెళ్లమంటారా?"

వెళ్లొద్దని ఆమె గుండె గోల పెడుతోంది. నోరు మాత్రం, "నన్నడుగుతారేంటి? మీ ఇష్టం," అంది. అతను ఇంకో మాట వస్తుందేమోనని చూశాడు. రాలేదు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? చేత్తో తప్ప నోటితో ఏదీ చెప్పడం పుట్టినప్పటినుంచీ చేతకాలేదు.

మర్నాడు ఏం చేస్తున్నానన్న ఆలోచన లేకుండానే చక్రం ముందు కూర్చుంది. పిడి లేని కప్పు ఒకటి లేచింది. మెత్తగా ఉండగానే వేళ్లు వాటంతట అవే దాన్ని అక్కడా ఇక్కడా నొక్కాయి. బట్టీలోంచి తీశాక కుడిచేత్తో పట్టుకుంది. కుదరలేదు. ఎడమచేతికి మార్చింది. బొటనవేలు పల్లంలో చక్కగా కూర్చుంది. అవతలి పక్క మూడు వేళ్లూ నొక్కుల్లో ఇమిడాయి. చిటికెన వేలి దగ్గర మాత్రం నొక్కు బయటికి వంగి, ఆమె వేలికి అందకుండా పోయింది.

ఆమె అక్కడే కూలబడింది. ఈ కప్పు ఎవరికోసమో, తన మనసు ఎక్కడుందో, రెండూ అప్పుడే తెలిశాయి. ఏడుపొచ్చింది. సంతోషంగా కూడా ఉంది.

అతను వెళ్లే రోజు కప్పుని కాగితంలో చుట్టి ఇచ్చింది. "దీంట్లో టీ తాగండి. తాగాక ఏమనిపించిందో చెప్పండి." ఆమె మట్టుకు ఆమె అంతా చెప్పేసింది. చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ మనిషికే తెలుస్తుంది. తెలిస్తే తిరుగు బండి ఎక్కేస్తాడు.

బండి దిగినవాళ్లలో అతను లేడు. ఫోను వచ్చింది, అదీ అత్తకి. "కప్పు చాలా బాగుందని చెప్పండి. చూసినవాళ్లందరూ మెచ్చుకుంటున్నారు," అన్నాడట.

"అందరూ మెచ్చుకున్నారా!" అని ఆమె మట్టిముద్దని బల్లకేసి కొట్టింది. అంతా తెలిసి కూడా అంత మర్యాదగా తప్పుకున్న మనిషిని ఇంకేం అడుగుతుంది?

ఏళ్లు గడిచాయి. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ల పిల్లలు క్లాసుకి వచ్చే రోజులొచ్చాయి. షెడ్డు మారలేదు. చెక్క స్కేలుతోనే ఆమె రోజూ బల్ల మీద మట్టి గీకేది. అత్త మాత్రం రోజూ సణిగేది.

"ఏమే, కొనేవాళ్లు నన్ను తిడుతున్నారే! కుడిచేత్తో పట్టుకుంటే కుదరదు, ఎడమచేత్తో పట్టుకుంటే చిటికెన వేలు గాల్లో ఉంటుంది. మనుషులకి చేస్తున్నావా, దెయ్యాలకా?"

"కావాలని చేయట్లేదత్తా. అలా వచ్చేస్తోంది."

"అలా ఎలా వచ్చేస్తుందే?"

ఎలా వస్తుందో ఆమెకి తెలుసు. మానేద్దామని ఎన్నోసార్లు చూసింది. కళ్లు తెరుచుకుని చేస్తే మామూలు కప్పులే వచ్చేవి, వాటిని చూస్తే ఆమెకే ఆవలింత వచ్చేది. కళ్లు మూసుకుంటే మళ్లీ అదే చెయ్యి.

ఓ ఆదివారం మధ్యాహ్నం, చినుకులు మొదలయ్యే వేళకి, గుమ్మంలో ఓ పొడుగాటి మనిషి గొడుగు ముడుస్తూ నిలబడ్డాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. ముఖం అదే.

"బాగున్నారా టీచర్ గారూ?"

ఆమె చేతిలో స్కేలు జారి బల్ల మీద పడింది. "ఆఁ" అని మాత్రం అనగలిగింది. మిగతాదంతా అత్తే అందుకుంది. "ఎవరూ, స్కేలు బాబేనా! రా రా, కూర్చో! ఏంటిలా దారి తప్పావు?"

"ఆఫీసు పని మీద వచ్చానండీ. సాయంత్రం బండికి వెళ్లిపోతాను. ఇటుగా వెళ్తూ..."

"ఆదివారం నాడు ఆఫీసా! పెళ్లాం పిల్లలూ బాగున్నారా?"

"ఉంటే కదండీ," అన్నాడు అతను, చెప్పుల వైపు చూస్తూ.

అత్త మేనకోడలి వంక ఓ చూపు చూసి, టీ పెట్టడానికి వెళ్లింది. ఇద్దరే మిగిలారు. ఈసారైనా నోరు విప్పాలి, సాయంత్రం బండిలోపు, అని ఆమె అనుకుంది. విప్పి, "వానలు బాగా పడుతున్నాయి," అంది. "అవునండీ," అన్నాడతను. ఆమెకి తన తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అత్త టీ తెచ్చింది. అతను అలవాటుగా ఎడమచెయ్యి చాచి కప్పు అందుకున్నాడు. పెదాల దాకా వెళ్లిన కప్పు అక్కడే ఆగిపోయింది.

కప్పు దించి, తన చేతినే చూసుకున్నాడు. లేచి అరలోంచి ఇంకో కప్పు తీసి పట్టుకున్నాడు. ఇంకొకటి. మరొకటి. ప్రతి కప్పులోనూ అతని వంకర చిటికెన వేలు తన చోట తాను వెళ్లి కూర్చుంది.

"టీచర్ గారూ..." ఆమె వైపు తిరిగాడు. "ఆ రోజు నాకిచ్చింది కూడా ఇలాంటిదేనా?"

ఆమె తెల్లబోయింది. "దాంట్లో టీ తాగలేదా మీరు?"

"పగిలిపోతుందేమోనని..."

"పగిలిపోతుందేమోనని?"

"అద్దాల బీరువాలో పెట్టాను. కొలతలు తీసి, దానికోసమే చేయించాను ఆ బీరువా. రోజూ చూస్తాను. ముట్టుకోను."

"చూస్తారా!" ఆమె అరిచింది. జన్మలో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "చూడ్డానికా అండీ నేను చేసింది? పట్టుకోవడానికి! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పట్టుకుని ఉంటే..." మాట ఏడుపులో కలిసిపోయింది.

"నేను వెళ్లమంటారా అని అడిగాను కదండీ. మీ ఇష్టం అన్నారు. ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా దాంట్లో నాకు చోటు కనబడలేదు."

"రామ రామ!" అని అత్త నెత్తి కొట్టుకుంది. "ఈవిడ నోటితో చెప్పదు, ఈయన చేత్తో పట్టుకోడు. మధ్యలో కొనేవాళ్ల తిట్లు నాకు!"

బయట చినుకు కాస్తా జడివానైంది. అతను చేతిగడియారం చూసుకున్నాడు. బల్ల మీద ఉన్న చెక్క స్కేలుని చూశాడు. "నా స్కేలు ఇప్పించండి. బండి వేళైంది," అన్నాడు. కళ్లు మాత్రం ఆమె నోటి మీదే ఉన్నాయి.

ఆమె స్కేలు తీసుకుని గుండెలకి హత్తుకుంది. చేతులు మట్టి కోసం వెతుక్కున్నాయి. అక్కడ మట్టి లేదు, ఈ పని నోరే చెయ్యాలి.

"ఇవ్వను," అంది. ఊపిరి పీల్చుకుని, "వెళ్లొద్దు. అప్పుడూ వెళ్లొద్దనే. ఇప్పుడూ వెళ్లొద్దు," అంది.

బండి వెళ్లిపోయింది. అతను వెళ్లలేదు.

తర్వాత అతని తల్లి వచ్చింది, అత్తతో గంటల తరబడి పెళ్లి మాటలు మాట్లాడి, మేనకోడలి వైపు తిరిగింది. "మా ఇంట్లో దేవుడి తర్వాత ఆ కప్పేనమ్మా. ఇక నువ్వొచ్చి దాంట్లో టీ పోస్తావని చెప్పాను వాడికి," అని ఆమె బుగ్గలు పుణికింది. ఆ రోజుల్లోనే అతను చక్రం ముందు కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఒక కప్పు చేశాడు. బట్టీలోంచి తీసి, చల్లారాక, ఆమె ముందు పెట్టాడు.

"ఇది మీ కుడిచేతికి."

ఆమె పట్టుకుంది. బొటనవేలి పల్లం మణికట్టు వైపు ఉంది. చూపుడు వేలికి చోటే లేదు. కప్పు ఓ పక్కకి ఒరిగి ఉంది.

"సరిగ్గా సరిపోయింది," అంది.

"అబద్ధం."

"నమ్మకపోతే కొలుచుకోండి," అని అతని స్కేలు అతనికే తిరిగి ఇచ్చింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నేళ్లూ మట్టి గీకి గీకి ఆ చెక్క మీద అంకెలన్నీ అరిగిపోయాయి. ఒక్క గీత కూడా మిగల్లేదు.