కింది పిడి

రోడ్డు మలుపులో కలప అడితి ఉంది. పెద్ద రేకుల షెడ్డు, దానికి ఒకటే తలుపు, లోపల ఎటు చూసినా దుంగలు. ఒక గోడకు పనిముట్లు వేలాడుతుంటాయి. సుత్తులు, ఉలులు, బాడిసలు, మూలమట్టాలు. ఏ పనిముట్టునైనా దాని మేకుకే తగిలించాలని యజమాని నియమం. నియమం గట్టిదే. తన సుత్తి ఎక్కడుందో మాత్రం ఆయనకు ఏనాడూ తెలియదు.

అన్నిటికన్నా పైన పెద్ద రంపం ఉంటుంది. మనిషికన్నా పొడుగు. రెండు కొసలా రెండు పిడులు, పట్టి పట్టి నున్నబడ్డవి. కరెంటు కోతమిషను వచ్చాక దాన్ని కిందికి దించే పని తగ్గింది. మిషను నోట పట్టనంత లావు దుంగ వస్తేనే దించుతారు. షెడ్డు మధ్యలో నిలువెత్తు గుంట, గుంట మీద అడ్డంగా దూలాలు, దూలాల మీద దుంగ. ఒకరు దుంగ ఎక్కి పై పిడి పట్టుకుంటారు. ఇంకొకరు గుంటలో దిగి కింది పిడి పట్టుకుంటారు. పైవాడికి దుంగ మీద రంగుదారంతో కొట్టిన గీత కనిపిస్తుంది. కిందివాడికి ఏమీ కనిపించదు. తలమీద దుంగ, కళ్లలో పొట్టు. కిందికి లాగడం, పైకి వదలడం, అంతే వాడి పని. రంపాన్ని గీత మీద నడిపేది పైవాడే.

కాబట్టి పలక వంకరొస్తే తప్పెవరిదో చంటిపిల్లలైనా చెప్పగలరు. కానీ చంటిపిల్లల్ని ఎవరూ అడగరు. పై పిడి పట్టే మేస్త్రీనే అడుగుతారు.

మేస్త్రీకి తన పనితనం మీద ఎంత నమ్మకమంటే, ఇంకెవరి నమ్మకమూ ఆయనకు అవసరం పడేది కాదు. చాలా ఏళ్ల కిందట ఒక పలక పాము నడిచినట్టు వచ్చింది.

"ఎవరి పని ఇది?" అన్నాడు యజమాని.

మేస్త్రీ నోరు తెరవలేదు. గడ్డం కాస్త ఎత్తి గుంటవైపు చూపించాడు. అబద్ధమాడాడని ఎవరూ అనలేరు, మాటే ఆడలేదు కదా. అప్పుడే బావమరిది, అంటే మేస్త్రీ భార్య తమ్ముడు, కళ్లు నులుముకుంటూ గుంటలోంచి పైకొస్తున్నాడు. కళ్లు తెరిచి చూసేసరికి అతని పేరు మారిపోయింది. ఆ రోజునుంచి అందరికీ వంకర. ఎడమచేతి వాటం మనిషి కావడంతో జనానికి కారణం కూడా దొరికింది. మన జనానికి కారణం దొరికితే చాలు, ఇంక వెతకరు.

వంకర ఎదురు చెప్పలేదు. పని మధ్యలో మాత్రం కిందినుంచి అడిగేవాడు. "బావా, గీత మీద ఉన్నానా?"

"వంకర పోతున్నావురా," అనేవాడు పైనుంచి మేస్త్రీ.

అతను ఇంకాస్త జాగ్రత్తగా లాగేవాడు. ఏ జాగ్రత్త పడాలో తెలియకుండానే జాగ్రత్త పడేవాడు. ఏళ్లతరబడి పొట్టు పీల్చి, దగ్గి దగ్గి, కిందటి వానాకాలంలో పోయాడు. శవం పక్కన నిలబడి కూడా జనం "పాపం, వంకర పోయాడు" అనే అన్నారు. మేస్త్రీ తల దించుకున్నాడు. అందరూ దుఃఖమనుకున్నారు.

తండ్రి పోయాక అతని కూతురు కింది పిడి పట్టుకుంది. ఇంట్లో సంపాదించేది ఇప్పుడామె ఒక్కతే. ఎముకలు గట్టి, మాట తక్కువ. నెత్తికి గుడ్డ కట్టుకుని గుంటలో దిగితే, పైకొచ్చేదాకా ఉందో లేదో తెలియదు.

ఆ రోజు పొద్దున్నే మేస్త్రీ భార్య అన్నం గిన్నె చేతికిస్తూ అంది.

"మా తమ్ముణ్ణి అన్నట్టు పిల్లని అనకు."

"నేనేమన్నాను వాణ్ణి?"

"అదే చెబుతున్నా. ఏమీ అనకుండానే అన్నావుగా."

మేస్త్రీ చెప్పులు వేసుకున్నాడు. కుడిది ఎడమకాలికి వేసుకుని వీధి చివరిదాకా నడిచాడు. మేమందరం చూశాం. మర్యాదస్తులం గనక చెప్పలేదు.

అడితిలో పెద్ద దుంగ ఎదురుచూస్తోంది. ఒక హోటలువాళ్లు బల్లకు అతుకు లేని వెడల్పాటి పలక కావాలన్నారు. యజమాని గుంట ఒడ్డున నిలబడి అందరూ వినేలా చెప్పాడు.

"చూడు మేస్త్రీ. ఇది తిన్నగా వస్తే అమ్మాయి పనిలో ఉంటుంది. వంకరొచ్చిందా, తండ్రి పోలికేనని పంపించేద్దాం. దుంగలు నాకు చెట్టున కాయడం లేదు."

దుంగలు మరెక్కడ కాస్తాయో ఆయన్ని ఎవరూ అడగలేదు.

అమ్మాయి మేస్త్రీ వైపు చూసింది. "మావయ్యా, గీత సరిగ్గా కొట్టావుగా?"

"కొట్టాను. నువ్వు లాగు, చాలు."

పొద్దంతా కోశారు. మధ్యమధ్య ఆగి, రంపానికి కిరసనాయిలు రాసి, కోత మూసుకుపోకుండా చెక్క చీల దిగ్గొట్టి, మళ్లీ కోశారు. సాయంత్రానికి మబ్బు పట్టింది. కరెంటు పోయింది. మిగిలిన పనివాళ్లు వానకు ముందే ఇళ్లకు పోయారు. యజమాని ఆఫీసు గదిలో కునుకు తీస్తున్నాడు. ఇంకో రెండు మూరల కోత మిగిలింది. ఆపితే చెక్క రాత్రికి నెమ్ము పట్టి బిగుసుకుంటుంది.

అప్పుడు వాన దిగింది.

రేకుల మీద వాన అంటే మాటలు కావు. పక్కనున్నవాడి నోరు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. షెడ్డులో వెలుగు తగ్గుతూ వచ్చింది. ముందు మూలలు పోయాయి, తర్వాత గోడమీది పనిముట్లు పోయాయి. కాళ్ల కింద దుంగ, దాని మీద ఎర్రగీత, అంతే మిగిలాయి. తడి మట్టి వాసన. కిరసనాయిలు వాసన. కోసిన చెక్కలోంచి వచ్చే పుల్లటి వాసన.

ఒక్కసారి రంపం ఆగింది. కింద పట్టు వదులైంది. మేస్త్రీ ఊపిరి తీసుకునేలోగా మళ్లీ లాగింది.

ఈసారి లాగుడు బాగుంది.

పొద్దుటినుంచీ అమ్మాయి లాగుడులో బలముంది గాని తూగు లేదు. ఇప్పుడు తూగు కుదిరింది. ఆయన ఎత్తేలోగా వదలడం, ఆయన వదిలేలోగా లాగడం. చేతులు నొప్పి మరిచిపోయాయి. రంపం వెన్నలో దిగినట్టు దిగుతోంది. ఎన్నాళ్లయిందో ఇలా కోసి, అనుకున్నాడు మేస్త్రీ. ఎన్నాళ్లయిందో మాత్రం లెక్క వేసుకోలేదు.

కిందనుంచి దగ్గు వినిపించింది.

"పొట్టు మింగావా అమ్మాయ్?"

వానలో వినపడలేదేమో. రంపం ఆగలేదు. లాగిన ప్రతిసారీ చివర్లో చిన్న గుంజు, ఎడమవైపుకి. ఆ గుంజు ఆయన చేతులకు తెలుసు. ఆయనకన్నా ముందే చేతులకు తెలిసింది. మోచేతులదాకా చల్లబడ్డాయి.

మళ్లీ దగ్గు. లోతుగా, తడిగా... ఆడపిల్ల దగ్గు కాదు.

మేస్త్రీ కిందికి చూశాడు. దుంగ అడ్డం. దుంగకు అటూ ఇటూ నలుపు.

"అమ్మాయ్..."

తలుపు చప్పుడైంది. లాంతరు వెలుగు లోపలికొచ్చింది. లాంతరు వెనక అమ్మాయి. నిలువునా తడిసి ఉంది, ఒక కన్ను ఎర్రగా వాచింది.

"మావయ్యా, ఆపమని ఎంత అరిచానో! కంట్లో పొట్టు పడింది. కుళాయి దగ్గర కడుక్కుని, దీపం తెచ్చేసరికి..." ఆమె ఆగింది. రంపం వైపు చూసింది. పైకి... కిందికి... పైకి... కిందికి.

"ఒక్కడివే ఎలా కోస్తున్నావు?"

మేస్త్రీ కోయడం లేదు. ఆయన చేతులు పిడి మీదున్నాయి, అంతే. వదలాలని చూశాడు. వేళ్లు రాలేదు.

అంత వానలోనూ ఆ గుసగుస ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. దుంగ కిందనుంచి వచ్చింది. బతిమాలుతున్నట్టుంది.

"బావా... గీత మీద ఉన్నానా?"

అమ్మాయి లాంతరు ఎత్తి పట్టుకుంది. "నాన్న గొంతు," అంది, ఊపిరి వదిలినంత మెల్లగా.

మేస్త్రీ గీత చూశాడు. లాంతరు వెలుగులో ఎర్రగా, తిన్నగా ఉంది. కోత సరిగ్గా గీత నడుమ వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు. బతుకులో అంత తిన్నని కోత ఆయన కోయలేదు. ఉన్నావు అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఏళ్లతరబడి ఆ ప్రశ్నకు ఆ నోరు ఒకటే జవాబు నేర్చుకుంది. భయంలో మనిషికి నేర్చినదే వస్తుంది.

"వంకర పోతున్నావురా," అన్నాడు మేస్త్రీ.

అన్నాక విన్నాడు తనేమన్నాడో.

రంపం ఆగిపోయింది. కింద పట్టు వదలలేదు. ఊరికే ఆగింది. తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటున్న మనిషి ఆగినట్టు ఆగింది. మేస్త్రీ చేతులు గడగడ వణికి పై పిడి పక్కకు తిరిగింది. చెక్క కిర్రుమంది. కోత గీత దాటి పక్కకు పోయింది.

ఆ చప్పుడుకి యజమాని టార్చి పట్టుకుని వచ్చాడు. ముందు పలకనే చూశాడు. మనుషులు తర్వాత.

"నాశనం చేశారు! ఎవరి పని ఇది?"

మేస్త్రీ నోరు తెరవలేదు. ఏం చేస్తున్నాడో ఆయనకు తెలియలేదు. గడ్డం దానంతటదే లేచింది. అమ్మాయి వైపు చూపించింది.

అమ్మాయి లాంతరు కింద పెట్టి, రెండు చేతులతో కళ్లు నులుముకుంది. అచ్చం తండ్రిలాగే.

"అనుకున్నాను," అన్నాడు యజమాని. "రేపట్నించి రావద్దు తల్లీ."

గుంటలో దగ్గు.

యజమాని టార్చి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అమ్మాయి తలుపు దగ్గర, ఒళ్లంతా వాననీళ్లతో ఉంది. మేస్త్రీ దుంగ మీద ఉన్నాడు. "మరి... కింద ఎవరయ్యా?" అన్నాడు. ఆయన గొంతు ఆయనకే సన్నగా వినిపించింది.

రంపం కొద్దిగా కదిలింది. నిద్రలో పిల్లవాడు వేలు లాగినట్టు.

"బావా... ఇప్పుడు గీత మీద ఉన్నానా?"

మేస్త్రీ దుంగ మీద కూలబడ్డాడు. సిగ్గు ముఖానికే వస్తుందంటారు. ఆయనకు అరికాళ్లకు వచ్చింది, వీపుకి వచ్చింది, పిడి పట్టుకున్న వేళ్లకు వచ్చింది. కన్నీళ్లు, చీమిడి కలిసి గడ్డం మీదికి కారుతున్నాయి. ఆ గడ్డాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఉన్నావురా," అన్నాడు. "ఎప్పుడూ ఉన్నావు. గీత నీ చేతిలో ఏనాడూ లేదు. నడిపింది నేను. వంకర నాది. పిల్లదీ కాదు, నీదీ కాదు. నాదే."

వాన కొడుతూనే ఉంది. కింద పట్టు మెల్లగా వదులైంది. రంపం బరువంతా ఒక్కసారిగా ఆయన చేతుల్లోకి వచ్చింది.

యజమాని అప్పటికే లేడు. ఆయన టార్చి గుమ్మం దగ్గర పడి వెలుగుతోంది. తనేమీ భయపడలేదని, తలుపు వేసి ఉందో లేదో చూడటానికి వెళ్లాననీ మర్నాడు టీకొట్టు దగ్గర చెప్పాడు. ఇంటి తలుపు కాబోలు.

లాంతరు దించి చూస్తే గుంటలో ఎవరూ లేరు. అమ్మాయి కాళ్ల గుర్తుల మీద కొత్తపొట్టు మందంగా పడి ఉంది. కొత్తపొట్టు మీద ఒక్క అడుగు లేదు.

మర్నాడు అందరి ముందూ మేస్త్రీ మళ్లీ అదే మాట, వంకర తనదేనని, చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదని ఆయన ముఖం చూస్తే అనిపించింది. అమ్మాయిని పైకి ఎక్కించి, తాను గుంటలో దిగాడు. దుంగ ఎక్కలేనంత నడుంనొప్పి అని ఎవరికీ చెప్పలేదు, మేమే చెప్పుకున్నాం. పలకలు తిన్నగా వస్తున్నాయి. యజమాని ఆ అమ్మాయిని ఇప్పుడు మేస్త్రీ అనే పిలుస్తున్నాడు. వంకర అనే మాట ఆ షెడ్డులో ఎవరూ వాడటం లేదు. వంకర మేకును కూడా "ఆ తిన్నగా లేనిది" అంటారు.

ఒకటే ఇబ్బంది. ముసలాయన ఒక్కడే లాగుతున్నా కింది లాగుడు ఇద్దరి బలంతో వస్తోంది. చివర్లో చిన్న గుంజు, ఎడమవైపుకి.

మొన్న పట్టపగలు, కరెంటు ఉండగానే, అమ్మాయి రంపం ఆపి దుంగ పక్కగా వంగింది.

"మావయ్యా, నీతోపాటు ఎవరున్నారు కింద?"

మేస్త్రీ పైకి చూశాడు. కళ్లనిండా పొట్టు. నోరు తెరవలేదు. గడ్డం కాస్త ఎత్తి తన ఎడమపక్కకు చూపించాడు.

అక్కడ ఎవరూ లేరు. కోతలోంచి పొట్టు సన్నగా రాలుతోంది. ఆయన కుడిపక్కన రాలింది నేలదాకా పడుతోంది.

ఎడమపక్కన రాలింది మాత్రం నేలదాకా రావడం లేదు. మనిషి భుజాల ఎత్తులో... ఆగుతోంది.